అడుగు దిగే నేల

మా పెరట్లో మట్టిని ఎవరో దొంగచాటుగా గట్టిపరుస్తున్నారు. సాయంత్రం నేను గుల్ల చేసి వదిలిన నేల తెల్లారేసరికి బిగుసుకుపోయి ఉంటోంది. అదీ పెరడంతా కాదు. వెనక గుమ్మం దగ్గర మొదలై, ప్రహరీ గోడ వెంటే కొళాయి దాకా, ఒకే ఒక్క పట్టీ.

దొంగలు నగలెత్తుకుపోతారు, సైకిలెత్తుకుపోతారు. వచ్చి మట్టి తొక్కిపోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా అని మా ఆయన పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేను బీమా కంపెనీలో పరిశీలకురాలిని. తగలబడిన దుకాణం దానంతటదే తగలబడిందా, ఎవరైనా అగ్గిపుల్ల గీశారా అని చూసి చెప్పడం నా పని. అనుమానమే నాకు అన్నం పెడుతోంది. పైగా ఆ వానాకాలం మా ఇంట్లో ఒక మనిషి నడక ఆ మట్టి మీదే ఆధారపడి ఉంది.

ఆ మనిషి మా అత్తయ్య.

ఎండాకాలం చివర్లో పెరట్లో బట్టలు ఆరేస్తూ జారిపడింది. మట్టి మీదే పడింది, కానీ అది పేరుకే మట్టి. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, ఎముక అతికింది, కుట్లు ఆరాయి. మనిషి మాత్రం మంచం దిగలేదు.

వ్యాయామాలు చేయించడానికి ఒక డాక్టరమ్మ వచ్చేది. వాకర్ తెచ్చి అత్తయ్య ముందు నిలబెట్టేది. అత్తయ్య లేచేది, వాకర్ రెండు చేతులా పట్టుకునేది. మేమంతా గుమ్మంలో గుమిగూడి, పసిపిల్ల తొలి అడుగు చూస్తున్నట్టు, "అదిగో, అంతే, ఇంకొక్కటి" అనేవాళ్లం. అత్తయ్య మా మొహాలు వరసగా చూసేది. కాళ్ల కింది గచ్చు వైపు చూసేది. కూలబడేది.

"కాళ్లకేం లోపం లేదు," అంది డాక్టరమ్మ ఒకరోజు వరండాలో చెప్పులు వేసుకుంటూ. "భయం. కానీ భయాన్ని ఎక్కువ రోజులు కూర్చోనిస్తే కండ చిక్కిపోతుంది. ఈ వానలు వెళ్లేలోగా నడిస్తే నడిచినట్టు. ఆ తర్వాత ధైర్యం వచ్చినా కాళ్లు రావు."

ఆ పూట అందరం అత్తయ్య గదిలోనే భోంచేశాం. మా ఆయన లిఫ్టుల మెకానిక్. మెట్లెక్కే మనిషిని చూస్తే జాలిపడే రకం. ఏ కష్టమైనా ఒక మీటో ఒక చక్రమో తీర్చేస్తుందని ఆయన నమ్మకం.

"చక్రాల కుర్చీ చెప్పేశానమ్మా," అన్నాడు. "పెరడంతా పలకలు పరిపిస్తాను. గదిలోంచి గేటు దాకా కుర్చీ వెన్నలా జారిపోతుంది."

"పలకలెందుకురా? సందుల్లో నీళ్లు దిగి లేచిపోతాయి," అన్నాడు మామయ్య. ఆయన తాపీ మేస్త్రి. ఈ ఇల్లు ఇటుక ఇటుకా తన చేత్తో కట్టుకున్నవాడు. పని మానేసి చాలాకాలమైనా వీధి వీధంతా ఆయన్ని మేస్త్రీ అనే పిలుస్తుంది, అత్తయ్యతో సహా. "నేను కాంక్రీటు పోస్తాను. నా చేత్తో నున్నగా పూస్తాను. చీమ నడిచినా జారాల్సిందే."

"చీమ జారడం కాదు, నేను జారాను," అంది అత్తయ్య. "పెళ్లైన దగ్గర్నించి చూస్తున్నాను మేస్త్రీ. గచ్చు, గచ్చు, గచ్చు. ఈ ఇంట్లో నా కాలికి మెత్తగా తగిలేది ఒక్కటంటే ఒక్కటి చూపించు. ఇంకో తట్ట సిమెంటు ఈ ఇంట్లో పడిందో, నేనీ మంచం దిగను."

"మరేం కావాలే నీకు?"

అత్తయ్య కిటికీలోంచి బయటికి చూసింది.

"గడ్డి," అంది. "పడినా లేవగలిగే నేల."

మా ఆయన తన బట్టతల మీద చెయ్యి వేసుకున్నాడు. "ఆ పెరట్లో గడ్డి మొలిచిన రోజు ఇక్కడ కూడా మొలుస్తుందమ్మా."

నాకు ఎందుకో రోషం వచ్చింది. "వానలు వెళ్లేదాకా పెరడు నాకు వదిలెయ్యండి," అన్నాను. "తర్వాత పలకలే పరుచుకుంటారో, రైలు పట్టాలే వేసుకుంటారో మీ ఇష్టం."

"నీకు మొక్కల గురించి ఏం తెలుసు?"

"కాలిన దుకాణాల గురించి మాత్రం పుట్టుకతో తెలుసా ఏంటి?"

*

మొదటి గునపం పోటుకే నేల ఖంగుమంది. చేతుల్లోంచి భుజాల దాకా ఆ దెబ్బ తిరిగొచ్చింది. కిటికీలోంచి అత్తయ్య, "గంట బాగా మోగింది, బడి వదిలేశారా?" అంది.

ముందు విత్తనాలు తెచ్చి పెట్టుకుందామని నర్సరీకి వెళ్లాను. నర్సరీ ఆవిడ కుండీల మధ్య నిలబడి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నేల ఎలాంటిది?"

"నేలలాంటిదే."

"గుంత తవ్వి నీళ్లు పోసి చూశారా?"

"లేదండీ."

"చూసి రండి. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికీ కదలకపోతే విత్తనాలు నా దగ్గరే ఉండనివ్వండి. మీరు చల్లేస్తారు, అవి మొలవవు, నా విత్తనాలు చచ్చుపుచ్చువని ఊరంతా టముకేస్తారు. నాకెందుకొచ్చిన గోల?"

అమ్మేది అమ్మనంటుంటే కొనేవాళ్లకి ఆసక్తి పెరుగుతుంది. ఇంటికొచ్చి గుంత తవ్వి బకెట్టు నీళ్లు పోశాను. సాయంత్రానికి కదల్లేదు. మర్నాడు పొద్దున ఒక కాకి దర్జాగా అందులో స్నానం చేసి వెళ్లింది.

అప్పుడు నాలోని పరిశీలకురాలు నిద్ర లేచింది. ఈ నేలకి ఏమైంది? ఎవరు చేశారు? గాజు సీసాలో పిడికెడు మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా గిలకొట్టి అత్తయ్య కిటికీ గట్టున పెట్టాను. ఇసుక వెంటనే అడుగుకి దిగింది. దాని మీద సన్నటి ఒండ్రు పేరుకుంది. బంకమట్టి మాత్రం దిగనే లేదు. నీళ్లు రోజుల తరబడి పాలెక్కువైన టీలాగే ఉండిపోయాయి. అత్తయ్యకి అదో కాలక్షేపమైంది. నేను ఆఫీసు నుంచి రాగానే, "నీ సీసా ఇంకా తేరలేదే అమ్మాయ్. మీ మామయ్య బుర్రలాగే ఉంది," అనేది.

మట్టిలో తెల్లటి పలుకులు కనిపించాయి. కొన్ని ఏరి పళ్లెంలో పోసి నిమ్మకాయ పిండాను. బుసబుసమని పొంగింది. పులుపు తగిలితే బుసకొట్టేది సున్నం. అది బడిలో చదివిన పాఠమే. కానీ మా పెరట్లోకి అంత సున్నం ఎక్కడి నుంచి వచ్చింది?

"మామయ్యా, ఇక్కడెప్పుడైనా ఏమైనా కట్టి పడగొట్టారా?"

"లేదే."

"మరి మీరు పని నుంచి వచ్చాక పనిముట్లు ఎక్కడ కడిగేవారు?"

"ఆ కొళాయి కిందే." మామయ్య నడుం నిటారైంది. "ఒక్కరోజు తప్పలేదు. తాపీ, తట్ట, పూత చెక్క, అన్నీ అద్దంలా కడిగేవాణ్ని. పని అయ్యాక తాపీ కడగనివాడు మేస్త్రీయే కాడమ్మా. తట్టలో మిగిలిన సున్నం, సిమెంటు కలిపిన మాలు కూడా ఇక్కడే..."

ఆగిపోయాడు. కొళాయి వంక చూశాడు, అక్కణ్నించి పెరటి వంక చూశాడు.

"అంటే... ఇదంతా నేనేనా?"

"మీ శుభ్రత మామయ్యా."

కిటికీలోంచి అత్తయ్య, "ఇల్లు ఒకసారే కట్టాడు, పెరడు రోజూ కట్టాడు," అంది. నవ్వులాంటిదేదో ఆ గొంతులో వినిపించింది. మామయ్యకి మాత్రం ఆ మాట ఎక్కడో తగిలింది. ఆవిడ పడ్డది తను పోసిన దాని మీదే అన్నట్టు, వంగి ఆ కొళాయి దగ్గర నేలని గోటితో గీకి చూశాడు.

*

ఆ వారం ఒక నూలు గోదాము కాలిపోయింది. ఊరు దాటి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చి వెనక గుమ్మం తీశానో లేదో, కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

పెరడు మెరిసిపోతోంది.

రాళ్లూ పెళ్లలూ మాయం. మట్టంతా జల్లించి, తడిపి, ఒక మూల నుంచి ఇంకో మూలకి గీత గీసినట్టు సమంగా పరిచి ఉంది. మామయ్య మోకాళ్ల మీద కూర్చుని రసమట్టం పెట్టి చూస్తున్నాడు.

"చూడమ్మా," అన్నాడు తలెత్తి. చెమటతో మొహం వెలిగిపోతోంది. "బంకమట్టి ఎక్కువైందన్నావుగా. ఇసుక కలిపాను. తడి చేసి కాళ్లతో తొక్కి తొక్కి కలిపాను, ఒక్క గడ్డ లేకుండా. పైన దిమ్మిస కొట్టాను. బుడగ చూడు, నడి మధ్యలో నిలబడింది!"

"మామయ్యా, ఇది..."

"రెండు పూటలా నీళ్లు కొట్టి క్యూరింగ్ చేస్తున్నాను."

బంకమట్టి, ఇసుక, సున్నం, నీళ్లు, తొక్కుడు. ఆ మనిషికి చేతనైన ప్రేమంతా అందులో ఉంది. ఎండ కాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. రెండు రోజులకి వానలు కాస్త తెరిపిచ్చి ఎండ కాసింది. పెరడంతా ఇటుకైపోయింది. గునపం వేస్తే ఈసారి ఖంగుమనలేదు. ఠంగుమంది.

కిటికీలోంచి ఒక శబ్దం వచ్చింది. తిరిగి చూస్తే అత్తయ్య పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పడ్డ తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వచ్చాయి.

"గడ్డి వెయ్యవయ్యా అంటే గచ్చు వేశావా మేస్త్రీ! నీ చేతికి పిండిచ్చినా గోడే కడతావు!"

మామయ్యకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. లోపలికెళ్లి దిమ్మిస తెచ్చాడు. నేలని మోది గట్టిపరిచే బరువైన ఇనుప దిమ్మ, పిడి అరచేతుల రాపిడికి నున్నబడింది. నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"దీన్ని సామాన్ల గదిలో పెట్టి తాళం వెయ్యమ్మా. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. గుల్లగా ఉన్న నేల కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. గుల్ల నేలంటే పునాది కుంగడమే. జీవితమంతా అదే భయం నాకు."

తాళం వేశాను. తాళంచెవి నా తాళాల గుత్తిలో చేరింది.

*

మళ్లీ మొదటికొచ్చాం. ఈసారి తొందరపడలేదు. బంకమట్టిని తడిగా ఉన్నప్పుడు కెలికితే జిగురవుతుంది, ఎండాక కెలికితే రాయవుతుంది. ఆ రెండిటి మధ్యా ఒక పూటంటూ ఉంటుంది. గుప్పిట్లో నొక్కితే ఉండ కావాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఆ పూట కోసం దొంగ కోసం కాపు కాసినట్టు కాపు కాశాను. వాన వెలిసిన ప్రతిసారీ ఆఫీసు నుంచి రాగానే ముందు ఒక ఉండ చేసి చూడటం, తర్వాతే బ్యాగు దించడం.

పైన కట్టిన పెచ్చంతా లేపి బయట పోయించాను. కింది మట్టిని గడ్డపారతో తిరగేశాను. మాగిన పశువుల ఎరువు, కుళ్లిన ఆకుల పొడి కలిపాను. మామయ్య జల్లెడ పట్టేవాడు, సిమెంటు పలుకు కనిపిస్తే నేరస్థుణ్ని పట్టుకున్నట్టు నాకు చూపించి పారేసేవాడు. మట్టి మీద ఎవరూ అడుగు పెట్టకూడదని శాసనం చేశాను. నిలబడాలంటే చెక్కల మీదే. ఒకరోజు గడ్డపార కింద ఒక వానపాము మెలికలు తిరిగింది. నేను పెట్టిన కేకకి మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"పామా?"

"వానపాము!"

"దానికింత అరుపా?"

"మన పెరట్లో ఒకటి బతికి ఉందండీ!"

నర్సరీ ఆవిడ కూడా ఈసారి మెత్తబడింది. "గుంతలో నీళ్లు దిగాయా?" అంది. దిగాయన్నాను. విత్తనాల సంచి నా చేతిలో పెట్టింది, తన కూతుర్ని అప్పగింతలు పెడుతున్నట్టు.

సరిగ్గా అప్పుడే మొదలైంది ఈ దొంగ గొడవ.

గోడ వెంట పట్టీ. సాయంత్రం నేను గుల్ల చేస్తాను, పొద్దునకి అణిగిపోయి ఉంటుంది. మొదటిరోజు కుక్కనుకున్నాను. రెండోరోజు మామయ్యే అనుకున్నాను. సామాన్ల గది చూశాను. తాళం వేసినట్టే ఉంది. లోపల దిమ్మిస మీద దుమ్ము పేరుకుని ఉంది.

అయితే మా ఆయనేనా? గడ్డి మొలవకపోతే లాభం ఎవరికి? పలకలు చెప్పినవాడికి. మా వృత్తిలో మొదటి ప్రశ్న అదే.

"ఏవండీ, పొద్దున్నే పెరట్లోకి వెళ్తున్నారా?"

"నేను లేచేదే నువ్వు నెత్తిన నీళ్లు చల్లితే."

"మీ బూట్లు చూపించండి."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టేలా ఉన్నావే!" అంటూ బూట్లు తెచ్చి నా ముందు పడేశాడు. వాటికి గ్రీజు తప్ప మట్టి లేదు.

మామయ్య మడమలకి మాత్రం ఉంది. వంటింట్లో టీ పోస్తూ చూశాను. ఎండిన బంకమట్టి, పగుళ్లలో ఇరుక్కుని.

"పొద్దున్నే నడకకి వెళ్లొచ్చారా మామయ్యా?"

"ఆఁ... అలా... వీధి చివరిదాకా."

మా వీధి తారు వీధి. అక్కడ బంకమట్టి లేదు. నేను తనిఖీ చేసిన దుకాణదారుల్లో ఇంతకంటే బాగా అబద్ధమాడినవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా ఆ పూట ఏమీ అనలేదు. సాక్ష్యం లేకుండా నోరు జారడం నా పద్ధతి కాదు. అత్తయ్య గదిలో దుప్పటి మారుస్తూ మాత్రం గట్టిగానే అన్నాను.

"రేపు తెల్లారేసరికి ఆ దొంగ ఎవరో తేల్చేస్తాను అత్తయ్యా. కాలి జాడలు అబద్ధం చెప్పవు."

అత్తయ్య గోడ వైపు తిరిగి పడుకుంది. "ఏదో కుక్కే అయుంటుందే. వదిలెయ్యరాదూ?"

వదల్లేదు. ఆ సాయంత్రం పట్టీనంతా గుల్ల చేసి, చదును చేసి, మామయ్య జల్లెడతోనే సన్నటి మట్టి పొడిని పైన పలచగా చల్లాను. చూస్తే తేడా తెలియదు. పిట్ట వాలినా గుర్తు పడుతుంది.

పొద్దున అందరికంటే ముందు వెనక గుమ్మం తీద్దామనుకున్నాను. అప్పటికే గడియ తీసి ఉంది. పెరట్లో ఎవరూ లేరు. వెలుగు వచ్చేదాకా గుమ్మంలోనే ఆగి, అప్పుడు వంగి చూశాను.

మొదట కనిపించినవి నాలుగు గుండ్రటి గుంటలు. చదరంగా, నాలుగు మూలలా. కొంచెం ముందు మళ్లీ నాలుగు. ఇంకా ముందు మళ్లీ నాలుగు. వాటి మధ్య ఒక చిన్న పాదం, మడమ నుంచి వేళ్ల దాకా నిండుగా. దాని పక్కన ఇంకో పాదం. అది నిండుగా లేదు. వేళ్లు దిగాయి, మడమ దిగలేదు. ఆ వేళ్ల వెనక ఒక సన్నటి ఈడ్పు గీత.

ఈ జాడ వెంటే, అడుగు వెనక అడుగుగా, పెద్ద మగ పాదాలు. ఒక్కోచోట ఆ పాదం మట్టిని అరికాలితో అదిమి, మెల్లగా తట్టి, సమం చేసింది. ముందు నడిచే మనిషి తిరిగి వచ్చేటప్పుడు గుంటలో తూలకుండా. దిమ్మిస లేకపోతేనేం, కాళ్లున్నాయిగా.

కొళాయి దగ్గర ఒకచోట మట్టి పెద్దగా చెదిరి ఉంది. అరచేయి అచ్చు, మోచేయి అచ్చు, తుంటి ఆనిన పల్లం. పడింది. పక్కనే రెండు మోకాళ్ల గుంటలు. లేపాడు. అక్కణ్నించి గుంటలూ పాదాలూ మళ్లీ గుమ్మం వైపు తిరిగాయి.

ఎన్నో జాడలు చదివాను గానీ, చదివాక చెరపాలనిపించినవి అవే. దంతె తెచ్చి మొత్తం లాగేశాను.

లోపలికి వెళ్తే అత్తయ్య మెడదాకా దుప్పటి కప్పుకుని ఉంది. వాకర్ మంచం అవతల, ఎప్పుడూ ఉండే చోటే. దాని రబ్బరు కాళ్లు తడిగా ఉన్నాయి. అప్పుడే కడిగిన తడి. మామయ్య పనిముట్లు కడగకుండా పెట్టడు.

"ఏమే అమ్మాయ్, దొరికాడా నీ దొంగ?"

"లేదత్తయ్యా. రాత్రి వాన పడింది. జాడలన్నీ చెరిగిపోయాయి."

అత్తయ్య కిటికీలోంచి చూసింది. ప్రహరీ గోడ పొడిగా ఉంది. సామాన్ల గది రేకులు పొడిగా ఉన్నాయి. ఆవిడ చూపు మళ్లీ నా మీదకొచ్చి, కాసేపు ఆగింది.

"అవునవును," అంది. "పెద్ద వానే."

*

ఆ తర్వాత నేను మిగతా పెరడంతా విత్తనాలు చల్లాను. పట్టీలో చల్లలేదు. రోజూ సాయంత్రం దాన్ని మాత్రం ఇంకాస్త లోతుగా గుల్ల చేసేదాన్ని. ఎరువు ఎక్కువ వేసేదాన్ని. పొద్దున గడియ చప్పుడు వినిపిస్తే అటు తిరిగి పడుకునేదాన్ని.

ఒకరోజు వచ్చేసరికి గోడ వెంట, నడుమెత్తున, వెదురు బొంగులు అడ్డంగా కట్టి ఉన్నాయి. మామయ్య తాళ్లు బిగిస్తున్నాడు.

"ఏంటి మామయ్యా ఇది?"

"తీగకి ఆసరా."

"తీగ ఏదీ?"

"వస్తుందమ్మా," అన్నాడు నా వైపు చూడకుండా. "ఆసరా ఉంటే తీగ అదే వస్తుంది."

బొంగు పట్టుకుని ఊపి చూశాను. ఏనుగు ఆనుకున్నా కదలదు. డాక్టరమ్మ వచ్చినప్పుడు మాత్రం అత్తయ్య మామూలుగానే లేచేది, మా మొహాలు చూసేది, కూలబడేది. డాక్టరమ్మ పిక్కలు నొక్కి చూసి, "విచిత్రంగా ఉందే! కండ తగ్గలేదు, పెరిగింది," అంది. మామయ్య దగ్గొచ్చినట్టు బయటికి వెళ్లిపోయాడు.

గడ్డి మొలిచింది. ముందు నేలకి పచ్చటి నూగులా, తర్వాత దువ్విన జుట్టులా. మా ఆయన పని నుంచి వచ్చి కూర్చుని, వేళ్లతో గడ్డి నిమిరి, ఆ తర్వాత తల నిమురుకుని, "మరి ఇక్కడ?" అన్నాడు.

కానీ వానలు వెళ్లిపోతున్నాయి. చక్రాల కుర్చీ ప్లాస్టిక్ తొడుగులో చుట్టి వచ్చేసింది. పలకల లారీ ఆదివారం వస్తుందన్నాడు మా ఆయన.

"గడ్డి వచ్చిందిగా!" అన్నాను.

"వచ్చింది. బాగుంది. నువ్వు గెలిచావు." ఆయన గొంతులో వెటకారం లేదు. "కానీ నేను గడ్డి కోసం పందెం కట్టలేదు. అమ్మ నడిచిందా? నడిస్తే చెప్పు, లారీని ఇప్పుడే ఆపేస్తాను. నడవకపోతే ఆ గదిలోనే ఉండిపోతుంది. నీ గడ్డిని కిటికీలోంచి చూస్తూ. అది నాకిష్టం లేదు."

నోటి దాకా వచ్చింది. అది నా రహస్యం కాదు. మామయ్య వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశాడు. మింగలేం, కక్కలేం. అత్తయ్య తలుపు దగ్గరగా వేసి ఉంది.

ఆదివారం లారీ వచ్చింది. గేటు బయట పలకలు దింపడం మొదలుపెట్టారు. మా ఆయన కొలత టేపు పట్టుకుని పెరట్లోకి దిగాడు. కొళాయి దగ్గర గొంతుకూర్చుని, టేపు పెట్టెని నేలకి అదిమి పట్టి, కొస లాగి వెనక్కి చాచాడు. కళ్లు అంకెల మీదే ఉన్నాయి.

"నాన్నా, ఈ కొస పట్టుకుని గుమ్మం వైపు లాగు."

మామయ్య నా పక్కనే, వంటింటి కిటికీ దగ్గర ఉన్నాడు. కదలబోయి ఆగిపోయాడు.

ఎవరో కొస అందుకున్నారు. టేపు సరసరమని సాగింది. మధ్యలో ఒకసారి ఆగింది. వణికింది. మళ్లీ సాగింది. గడ్డికి అడ్డంగా, నేను ఎవర్నీ అడుగు పెట్టనివ్వని చోటు మీదుగా.

"ఎంతొచ్చిందిరా?"

మా ఆయన తలెత్తాడు.

అత్తయ్య గడ్డి మధ్యలో నిలబడి ఉంది. వాకర్ వెదురు బొంగుల దగ్గరే ఉండిపోయింది. ఒక చేత్తో పమిట, ఒక చేత్తో టేపు కొస. వట్టి కాళ్లు గడ్డిలో వేళ్లదాకా దిగి ఉన్నాయి.

"ఎంతొచ్చిందిరా అంటుంటే?"

మా ఆయన టేపు వైపు చూశాడు. అంకె చదవకుండానే, పెట్టె పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అటూ ఇటూ ఎవరూ రావద్దు," అంది అత్తయ్య, మేమందరం ఒక్కసారే కదలడం చూసి. "నా బరువు మోసుకోవడమే నాకు ఎక్కువైతే, మీ అందరి చూపులూ కూడా నేనే మొయ్యాలా? లారీ వాణ్ని పంపించెయ్. అమ్మాయ్, టీ ఇక్కడికే పట్రా."

*

లారీ వెళ్లిపోయింది. చక్రాల కుర్చీని వెనక్కి తీసుకోం అన్నారు షాపువాళ్లు. పారేయడానికి మా ఆయనకి మనసొప్పలేదు. చక్రాలకి నూనె పోసి ఉంచాడు.

చలి మొదలయ్యేసరికి దానికి పని దొరికింది. నర్సరీ నుంచి ఎరువు మూటలు వచ్చాయి. గేటు దగ్గర దింపారు. నేను మోయబోతుంటే వెనక చక్రాల చప్పుడైంది. అత్తయ్య ఖాళీ కుర్చీ నెట్టుకుంటూ వస్తోంది. ఎడమ కాలు ఇంకా కాస్త ఈడుస్తోంది. వెనకే మామయ్య, తోడొస్తున్నట్టు కాకుండా ఊరికే నడుస్తున్నట్టు.

"ఇందులో పడెయ్ మూట."

"అత్తయ్యా, డాక్టరమ్మ చూస్తే చంపేస్తుంది."

"బరువు నాకు ఆసరాయే. పడెయ్."

మూటని కుర్చీలో కూర్చోబెట్టాం. అత్తయ్య దాన్ని నెట్టుకుంటూ గోడ వెంట పట్టీ మీదుగా బయల్దేరింది. అక్కడ గడ్డి లేదు. అటూ ఇటూ పచ్చగా, మధ్యలో బోడిగా ఆ గీత అలాగే ఉంది. మామయ్య అలవాటుగా ఒకచోట అరికాలితో అదిమి చూసుకున్నాడు.

కొళాయి దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, అత్తయ్య నా వైపు తిరిగింది.

"ఆ రోజు పడిందే వాన," అంది.

"ఏ రోజు అత్తయ్యా?"

"నీకు తెలుసు ఏ రోజో." ఆకాశం వైపు చూసింది. మబ్బు తునక లేదు. "అది పడకపోతే ఈ గడ్డి మొలిచేది కాదే అమ్మాయ్."